స్నేహం లేని తైలం

అచ్చంపేట బజారులో ఉత్తగా 'నూనె' అని అడిగితే బేరం సాగదు. "ఏం నూనె?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. పొయ్యి మీదికైతే మంచినూనె, లేదంటే పల్లినూనె. తలకు కొబ్బరినూనె. బుడ్డి దీపంలోకి ఒకప్పుడు గ్యాసునూనె. కోస్తావాళ్లు కిరసనాయిలు అనేది దాన్నే. బండిలోకైతే ఆయిలు. ముక్కు దిబ్బడ పడితే రుమాలు మీద నాలుగు చుక్కలు వేసుకునే సీసా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ పేర్లేవీ పనికిరావు. అది నూనె కాదు, ఆయిలు కాదు. తైలం. నీలగిరి తైలం.

కూరకు తెలుగు, బండికి ఇంగ్లీషు, మందుకు సంస్కృతం. పనులు పంచిపెట్టడంలో మన నాలుకకు ఒక పద్ధతి ఉంది. అయితే మర్యాద కోసం ఎక్కించిన ఈ 'తైలం' కింద ఒక తిరకాసు దాగి ఉంది. ఆకుల్లోంచి తీసే ఆ ఘాటు ద్రవం ఏ రోగానికి ఎంతవరకు పనికొస్తుందని ప్రయోగశాలల్లో విచారణ జోరుగా సాగుతోంది. అది తేలేలోపు మనం పేరు సంగతి తేల్చుకుంటే మంచిది. ఎందుకంటే ఈ విషయంలో పేరు తప్పితే వాడకం కూడా తప్పుతుంది.

తైలం పుట్టింది తిలల్లోంచి. తిలలంటే నువ్వులు, నువ్వులకు సంబంధించినది తైలం. అంతకు మించి ఆ మాటలో మొదట ఏమీ లేదు. మన 'నూనె'దీ అదే కథ: నువ్వు, నెయ్యి కలిస్తే నూనె. పాత రూపం నూనియ. తమిళుల ఎణ్ణెయ్‌లో ఎళ్ అంటే నువ్వులే, నెయ్ మనకు తెలిసిన నెయ్యే. కన్నడిగులకు అది ఎణ్ణె. మన వెన్నలో కూడా ఆ నెయ్యే కరిగి ఉంది, వెల్లని నెయ్యి కనుక వెన్న. సముద్రాల అవతల నువ్వులకు బదులు ఆలివ్ పండు ఉంది. గ్రీకులో ఎలైయా అంటే ఆలివ్ చెట్టు, ఎలైయాన్ దాని నూనె. అది లాటిన్‌లో ఓలెయుమ్ అయి, తిరిగి తిరిగి ఇంగ్లీషు ఆయిల్ అయి, మన మెకానిక్ షెడ్డుకు చేరింది. ఏ జాతి ఏ గింజను మొదట గానుగలో వేసిందో ఆ గింజే అన్ని నూనెలకూ ఇంటిపేరు అయి కూర్చుందన్నమాట.

ఈ లెక్కన 'నువ్వుల నూనె' అంటే నువ్వుల నువ్వునెయ్యి. 'ఆముదపు నూనె' అంటే ఇంకా చిక్కు, ఆముదంలో నువ్వులెక్కడివి? ఇదే చిక్కు సంస్కృత వైయాకరణులకు రెండు వేల ఏళ్ల కిందటే ఎదురైంది. ఏరండ తైలం, ఇంగుద తైలం అని జనం హాయిగా అనేస్తున్నారు. ఏరండం ఆముదం, ఇంగుదం గారచెట్టు. రెంటికీ నువ్వులతో చుట్టరికం లేదు. పాణిని సూత్రానికి వార్తికం రాసినవారు ఒక ఉపాయం పన్నారు. 'తైలచ్' అనేది ఒక ప్రత్యయం, 'స్నేహం' అన్న అర్థంలో దాన్ని ఏ పేరుకైనా తగిలించుకోవచ్చు అన్నారు. జనం తప్పును దిద్దకుండా వ్యాకరణాన్నే కొంచెం పక్కకు జరిపిన ఆ పెద్దలంటే నాకు గౌరవం. ఈ కాలం పండితులైతే పత్రికకు ఉత్తరం రాసేవారు.

అక్కడ వాళ్లు వాడిన 'స్నేహం' అన్న మాటను వదిలి ముందుకు పోలేను. సంస్కృతంలో స్నేహమంటే మొదట జిడ్డు, అంటుకునే గుణం. చెలిమి ఆ తరవాత వచ్చింది. ఆయుర్వేదం నెయ్యి, నూనె, వస (కొవ్వు), మజ్జ అని నాలుగు స్నేహాలను చెప్పింది. అంటుకుని వదలనిది స్నేహం. నూనె చుక్క కాగితం మీద పడితే మరక పడుతుంది, మర్నాటికీ అలాగే ఉంటుంది.

ఇప్పుడు నీలగిరి తైలం చుక్క ఒకటి కాగితం మీద వేసి చూడండి. తడి కనిపిస్తుంది, వాసన గుప్పుమంటుంది. కొంతసేపటికి రెండూ పోతాయి. అచ్చమైన సరుకైతే జిడ్డు మరక మిగలదు. మరక మిగిలిందంటే అందులో ఎవరో నిజమైన నూనె కలిపారని అర్థం! వ్యాపారులు కల్తీ పట్టడానికి వాడే పాత పరీక్ష ఇది. రసాయనశాస్త్రం చెప్పేదీ ఇదే. వంటనూనెలు కొవ్వులు. ఆకు తైలాలు కొవ్వులు కావు, చాలామటుకు టెర్పీన్లనే చిన్న అణువుల గుంపులు. నీళ్లలో కరగకపోవడం, కొవ్వులతో కలిసిపోవడం వరకే ఈ రెంటికీ పోలిక. గింజ తన పిల్లమొక్కకు తిండిగా దాచుకున్నది నూనె. ఆకు తనను తినవచ్చే పురుగునూ మేకనూ తరమడానికి చేసుకున్నది ఈ తైలం. ఒకటి సద్దిమూట, ఇంకొకటి ఆయుధం. రెంటికీ ఒకే పేరు పెట్టాం. స్నేహగుణమే లేని దానికి స్నేహవాచకం తగిలించాం.

నీలగిరి అన్న విశేషణమూ తిన్ననైనది కాదు. చెట్టు ఆస్ట్రేలియాది. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ కాలాన కన్నడ దేశపు నంది కొండ మీద నాటారని చెబుతారు; 1843లో నీలగిరుల్లో నాటారు, అక్కడ అడవులై పెరిగింది. ఆ కొండల మీద బట్టీలు పెట్టి తీసిన సరుకు కనుక నీలగిరి తైలం. శాస్త్రనామంలో యూకలిప్టస్ అంటే గ్రీకులో 'బాగా కప్పినది'. మొగ్గ మీద మూతలాంటి టోపీ ఉంటుంది, పువ్వు విచ్చుకునేటప్పుడు అది ఊడిపడుతుంది. మన రైతు గ్రీకు జోలికీ పోలేదు, కొండల జోలికీ పోలేదు. జామాయిల్ అన్నాడు.

జామాయిల్ నాకు భలే ఇష్టమైన మాట. జామ, ఆయిల్ కలిసి పుట్టిందని వినగానే తెలుస్తుంది. బెరడు పొరలు పొరలుగా ఊడి, లోపల నున్నటి మాను బయటపడటం జామకూ ఉంది, దీనికీ ఉంది. ఆ పోలికే పేరుకు మూలమై ఉంటుందని నా ఊహ. తమాషా ఏమిటంటే వృక్షశాస్త్రం ప్రకారం కూడా ఇవి రెండూ ఒకే ఇంటివి: మిర్టేసీ కుటుంబం. నేరేడు, లవంగం కూడా ఆ ఇంటివే. వీటిలో దేని లేత ఆకునైనా ఎండకు అడ్డంగా పట్టి చూస్తే సన్నని వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి రంధ్రాలు కావు, తైలపు తిత్తులు. బిల్వపత్రంలోనూ నిమ్మాకులోనూ కూడా చుక్కలుంటాయి కానీ వాటిది వేరే కుటుంబం. ఏ లాటిన్ చదవకుండా రైతు పెట్టిన పేరు లిన్నేయస్ బళ్లో కూర్చున్నవాళ్ల వర్గీకరణతో సరిపోయింది.

అయితే పాలమూరు చెలకల్లో కనబడే జామాయిల్‌లో 'ఆయిల్' పేరుకే ఎక్కువ. ఇక్కడ నాటేవి కాగితపు గుజ్జుకోసం ఏరిన రకాలు. వాటి మాను లారీల్లో సారపాక కాగితపు మిల్లు దాకా పోతుంది, ఆకు చెలకలోనే రాలి ఎండుతుంది. మందుకు కావలసిన సినియోల్ అనే పదార్థం దండిగా ఉండేది వేరే జాతుల ఆకుల్లో. పేరులో ఉన్నదొకటి, తోటలో అమ్ముడుపోయేదింకొకటి.

అచ్చంపేట దాటి మన్ననూరు వైపు పోతే నల్లమల మొదలవుతుంది. అమ్రాబాద్ గుట్టల మీద చెంచు పెంటలు, అంటే వాళ్ల గూడేలు. 1940 ప్రాంతంలో మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ వచ్చి వాళ్లతో మెలిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చు వేశాడు. చెంచుల గుడిసె కప్పుకు వేసే బోదగడ్డి నిమ్మగడ్డి జాతిదే, సింబోపోగాన్. ఇంటి కప్పే ఒక తైలపు గని. కాని ఇక్కడి వైద్యంలో 'తైలం' అన్న మాట అరుదు. వినిపించేది పసరు.

పసరు అచ్చమైన ద్రావిడపు మాట. పచ్చ, పసుపు, పసిమి, పసి అన్నీ దాని తోబుట్టువులు. పచ్చిగా ఉన్నదాన్ని నలిపితే కారేది పసరు. నలిపితే పసరు, కాచితే కషాయం, నూరితే కల్కం. ఒక్క ఆకుకు ఇన్ని అవస్థలు. కషాయం, కల్కం సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం, పసరు మాత్రం మనదే. నలపడమూ, కాచడమూ, నూరడమూ కాక ఇంకొక పద్ధతి ఉంది. దాన్ని మన పల్లెలు రోజూ వాడుతూనే ఉన్నాయి, పేరు మాత్రం దాని ఫలితానికి పెట్టలేదు, పనికి పెట్టాయి: ఆవిరి పట్టడం.

ఆవిరి పట్టడానికి ఇక్కడ మొదట గుర్తొచ్చేది వాయిలాకు. పుస్తకాల్లో వావిలి, నోట్లో వాయిలి. బాలింతకు వాయిలాకు వేసి కాగబెట్టిన నీళ్లు పోయడం తెలుగు నేలంతా ఉన్నదే. ఒళ్లునొప్పులకు కాపడం, పడిశానికి ఆవిరి, ధాన్యపు గుమ్మిలో పురుగు పట్టకుండా నాలుగు రెమ్మలు. వినాయకచవితి ఇరవై ఒక్క పత్రుల్లో సింధువార పత్రం అంటే ఇదే. మరువం, మాచి, తులసి, జాజి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఘాటాకుల మీద వినాయకుడికి ప్రత్యేకమైన మక్కువ ఉన్నట్టుంది.

వాయు నొప్పులు తీస్తుంది కనుక వాయిలి అని కొందరు పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. వినడానికి బాగానే ఉంది కాని నేను నమ్మను. వావిలి అన్న రూపం ఊళ్ల పేర్లలో గట్టిగా నాటుకుని ఉంది: వావిలాల, వావిలికొలను. ఆ ఊళ్ల నుంచి ఇంటిపేర్లు వచ్చాయి, వావిళ్ల వారి పుస్తకాలు చదవని పాతతరం తెలుగువాడు లేడు. రెండో వకారం పలుకుబడిలో యకారంగా జారిందనుకోవడమే సుళువు. వాయువును తరవాత ఎవరో వైద్యులు పట్టుకొచ్చి ఉంటారు.

సంస్కృతంలో దీనికి నిర్గుండి అనీ పేరు. రోగాల నుంచి ఒంటిని కాచేది కనుక ఆ పేరని నిఘంటుకారులు 'గుడ' ధాతువును చూపిస్తారు. తమిళంలో ఇది నొచ్చి. సంగ సాహిత్యంలో నొచ్చి అంటే చెట్టొక్కటే కాదు, కోటను కాచుకునే యుద్ధఘట్టానికీ అదే పేరు. కోట లోపలివాళ్లు నొచ్చిపూలు ధరించి పోరాడేవారు. ఒక భాషలో ఒంటికి కాపు, ఇంకో భాషలో కోటకు కాపు. మన రైతు చేనికి కంచెగా దీన్నే నాటుతాడు, పశువులు నోరు పెట్టవు కనుక. మూడూ కలిశాయని ఇక్కడేదో సిద్ధాంతం కట్టను. నోరు పెట్టనివ్వని ఆ గుణానికి కారణం ఆకులోని తైలమని మాత్రం చెబుతాను.

నిర్గుండి దూర ప్రయాణాలు చేసింది. పడమటి కోస్తాలో యూరపు వాళ్ల చెవిన పడి 'నెగుండో' అయింది, లిన్నేయస్ దాన్నే శాస్త్రనామంలో పెట్టాడు: వైటెక్స్ నెగుండో. అమెరికాలో ఒక మేపుల్ చెట్టు ఆకులు దీని ఆకుల్లా ఉన్నాయని దానికీ ఏసర్ నెగుండో అని పేరు పెట్టారు. కెనడా చలిలో ఆకురాల్చే ఆ చెట్టుకు తను మోస్తున్నది మన వాయిలి పేరని తెలియదు. ఫిలిప్పీన్స్‌లో వాయిలిని లగుండి అంటారు, అక్కడి ఆరోగ్యశాఖ దగ్గుమందుగా ఆమోదించిన మూలికల్లో అదొకటి. అక్కడ అది బిళ్లలుగా, సిరప్‌గా దొరుకుతుంది.

మొన్నమొన్నటి దాకా వావిలిని వృక్షశాస్త్రజ్ఞులు వెర్బినేసీ కుటుంబంలో ఉంచేవారు. ఇప్పుడు దాన్ని లామియేసీలోకి మార్చారు. అంటే తులసికి, పుదీనాకు, వామాకుకు దగ్గరి చుట్టమైంది. వావిలికి వావి మారింది. ఆకు అడుగున సన్నని నూగులో తైలపు గ్రంథులుండటం ఈ ఇంటివాళ్ల లక్షణం. అందుకే తులసి ఆకును తాకితే చాలు వాసన వేళ్లకు అంటుతుంది, జామాకును మాత్రం నలపాలి.

ఇక ఆవిరి. తమిళంలో ఆవి అంటే ఆవిరి, ఊపిరి, ప్రాణం కూడా. మన తెలుగులో ప్రాణం అన్న అర్థం మిగల్లేదు, పొగలా లేచే నీరు మాత్రం మిగిలింది. ఆవులింత దీనికి దగ్గరి చుట్టంలాగే కనబడుతుంది. సంస్కృతపు బాష్పానిది ఇంకో దారి. బాష్పం అంటే ఆవిరి, కన్నీరు కూడా. ఆనందబాష్పాలని మనం రెండోదాన్నే ఉంచుకున్నాం. ఉత్తరాదిలో బాష్పం అరిగి అరిగి భాప్ అయింది; కన్నౌజ్ అత్తరు బట్టీలో ఆవిరి చేరే రాగి కుండ పేరు భప్కా అందులోంచి వచ్చిందే. అరబ్బులకు బట్టీలోంచి బొట్లుబొట్లుగా దిగేది చెమటలా కనిపించింది, అరక్ అన్నారు. అది మన యునానీ హకీముల దగ్గర అర్క్. సంస్కృతంలోకి అర్కంగా దూరి, సూర్యుడి పేరుతోనూ జిల్లేడు పేరుతోనూ కలిసిపోయింది. 'అర్కప్రకాశం' అనే వైద్యగ్రంథం ఒకటుంది, రావణుడు మండోదరికి చెప్పినట్టు సాగుతుంది. గ్రంథం వయసు మాత్రం లంకంత పాతది కాదు.

ఒక భాషకు ప్రాణం, ఒకదానికి కన్నీరు, ఒకదానికి చెమట. ఆకులోంచి లేచేదాన్ని చూసి అందరూ మనిషి ఒంటినే తలచుకున్నారు. నూనెను తలచుకున్నవారు లేరు.

బట్టీ ఎలా పనిచేస్తుందో పాలమూరు పల్లెలకు నేను వివరించాలా? ఇప్పపువ్వు సారా తెలిసిన చోట అది పాఠం కాదు. ఆకును జల్లెడ పలక మీద పెట్టి కింద నీళ్లు మరిగిస్తే ఆవిరి ఆకుల్లోంచి దూసుకుపోతూ తిత్తులను పగలగొట్టి తైలాన్ని వెంట తీసుకుపోతుంది. గొట్టాన్ని చన్నీళ్లలో ముంచితే ఆవిరి నీరవుతుంది, తైలం పైన తేలుతుంది. దాని సొంత మరుగు వేడి నీటికంటే చాలా ఎక్కువైనా నీటి తోడు దొరికితే నూరు డిగ్రీల లోపే లేచి వస్తుంది. అందుకే ఆకు మాడదు. క్వింటాలు వాయిలాకు వండితే వచ్చేది గ్రాముల లెక్కే. బాలింత నీళ్ల గదిలో జరిగేదీ ఇదే పని, చల్లార్చే గొట్టం ఒక్కటే తక్కువ.

ఆయుర్వేదపు నిర్గుండి తైలం మాత్రం దీనికి పూర్తిగా వేరు. కల్కం ఒక వంతు, నువ్వుల నూనె నాలుగు వంతులు, ద్రవం పదహారు వంతులు వేసి నీరంతా ఇగిరేదాకా కాస్తారు. ఆ కాచేటప్పుడు ఆకులోని ఎగిరే భాగం చాలావరకు ఎగిరే పోతుంది. పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి ముందు దక్కుతుంది అది! సీసాలో మిగిలేది నువ్వుల నూనె, అందులో కరిగిన బరువైన పదార్థాలు. దాన్నీ తైలమే అంటాం, బట్టీ దించినదాన్నీ తైలమే అంటాం. ఒకటి అరచేతినిండా పోసుకుని మర్దనా చేసుకోవచ్చు. రెండోది నేరుగా అంత పోసుకుంటే చర్మం మండుతుంది.

బట్టీ తైలానికి ఇంగ్లీషులో పేరు 'ఎసెన్షియల్ ఆయిల్'. మన పాఠ్యపుస్తకాల వారు నిఘంటువు తెరిచి ఆవశ్యక తైలం అన్నారు. ఏమి ఆవశ్యకత? అన్నంలో కలుపుకోకపోతే ప్రాణం పోతుందా? ఆ ఇంగ్లీషు మాటలోని ఎసెన్స్ పదహారో శతాబ్దపు రసవాదులది. పంచభూతాల్లో మనం ఆకాశాన్ని లెక్కపెట్టినట్టే వాళ్లూ నాలుగు భూతాలకు మించిన అయిదో సారం ప్రతి వస్తువులో ఉంటుందని నమ్మారు. దాన్ని బట్టీ పట్టి బయటికి తీయవచ్చని పారసెల్సస్ వంటివారి పట్టుదల. ఆ 'క్వింటా ఎసెన్షియా' తైలమే ఎసెన్షియల్ ఆయిల్. అవసరమైనది అని కాదు, సారమైనది అని.

లాటిన్ ఎసెన్షియాకు మూలం 'ఉండు' అనే అర్థమిచ్చే ఎస్సే. సంస్కృతపు అస్తి దానికి సొంత అక్క. ఆ అస్ ధాతువు నుంచే సత్, సత్త్వం వచ్చాయి, మన సత్తువ వచ్చింది. ఉత్తరాది పచారీ కొట్లో మెంథాల్‌ను సత్ పుదీనా అంటారు, థైమాల్‌ను సత్ అజ్వాయిన్ అంటారు. మన దగ్గర అవే పుదీనా పువ్వు, వాము పువ్వు. తిప్పతీగ నుంచి తీసేది తిప్పసత్తు. అంటే ఎసెన్స్‌కు ధాతువుతో సహా సరిపోయే మాట బజారులో ఎప్పటినుంచో ఉంది. పాఠ్యపుస్తకం బజారుకు పోలేదు. ఆకుసత్తు అని ఉంటే ఎంత బాగుండేది! కాని తెలంగాణలో సత్తు గిన్నె అంటే అల్యూమినియం గిన్నె. ఆకుసత్తు అని రాస్తే అచ్చంపేట పిల్లలు సత్తు విస్తరాకు అనుకోవచ్చు. ఆ ప్రమాదానికి నేను సిద్ధమే.

పేర్ల సంగతి ఇలా ఉండగా సరుకు మాత్రం ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫరూఖీ హైదరాబాదులో మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ సీసా ఎరగని తెలంగాణ ఇల్లు అరుదు. అందులో ప్రధానం యూకలిప్టస్ తైలమే, ఎర్రటి రంగు రతన్‌జోత్ వేరుది. తిలిస్మాత్‌లో 'తిల' వినబడుతోందని నువ్వులు వెతకబోకండి. గ్రీకు టెలెస్మా అరబ్బులో తిలస్మ్ అయింది, ఇంగ్లీషులో టాలిస్మన్ అయింది. జిందా తిలిస్మాత్ అంటే ప్రాణమున్న మంత్రాలు. ఆవిరికి తమిళులు ప్రాణం అన్న పేరు పెడితే హకీం గారు సీసాకు పెట్టారు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. అంజనం అంటే పూసేది, అంజ్ ధాతువు; కాటుకకూ అదే పేరు. అందులో కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం, గంధపూర (వింటర్‌గ్రీన్) తైలపు సారం. ఆ పసుపు డబ్బా తెచ్చిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది, 1924లో భారతి వచ్చింది, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ముందుకు నడిచింది. తెలుగులో పదాల మీద ఇంత చర్చ జరగడానికి ఖర్చు పెట్టుకున్నది ఆకుల ఘాటే. భారతిలో వ్యుత్పత్తుల మీద కత్తులు దూసుకున్న పండితులు తలనొప్పి వస్తే ఏం రాసుకునేవారో చెప్పనక్కర్లేదు.

ఇంతకీ వైద్యం? ఇక్కడ పొగడ్తలు తగ్గించి మాట్లాడాలి. జర్మనీలో సినియోల్ గొట్టాలను శ్వాసనాళాల వాపుకు, సైనసు బాధకు వైద్యులు రాస్తారు, రోగుల మీద పరీక్షలు జరిగాయి. పొట్టలో కరగకుండా పేగుదాకా పోయేలా పైపూత వేసిన పుదీనా తైలపు గొట్టాలు పేగుల దుడుకుతనానికి (ఐబీఎస్) పనిచేస్తాయని రుజువుంది. నిమ్మవాసన యూకలిప్టస్ నుంచి వచ్చే పీఎండీ అనే పదార్థం దోమలను తరుముతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా ఒప్పుకుంటుంది. నిమ్మగడ్డి తైలంలో నాలుగింట మూడు వంతులదాకా ఉండే సిట్రాల్ గాజు పళ్లేలలో బూజును చంపుతుంది. వాయిలాకు తైలంలో సబినీన్, సినియోల్, కారియోఫిలీన్ ఉన్నాయి. వీటిలో కారియోఫిలీన్ మన ఒంట్లో వాపును అదుపుచేసే సీబీ2 గ్రాహకాన్ని పట్టుకుంటుందని 2008లో తేలింది. మన అవ్వల కాపడానికి ఇది మంచి ఆధారమే. కాని గాజుపళ్లెం మనిషి కాదు, ఎలుకా మనిషి కాదు. వాయిలి తైలం విషయంలో మనుషుల మీద గట్టి పరీక్షల బలం ఇంకా చాలదు. కోవిడ్ రోజుల్లో ఊరూరా ఆవిరి పట్టారు. ముక్కు తెరుచుకుంది, వైరస్ చావలేదు. వేడినీళ్ల గిన్నె ఒలికి ఒళ్లు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు.

బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, ఔషధ, సుగంధ మొక్కల మీద దాని పని. నల్లమల అంచున వాయిలికి, బోదగడ్డికి కొరత లేదు. ఏ నెలలో కోసిన ఆకులో ఏ పదార్థం ఎంతుందో, ఏ గుట్టది ఏ రకమో లెక్క కడితే, ఆ రాబడి మొదట పెంటల్లో ఉన్నవాళ్లకు చేరితే, అది చేయదగిన పని. అడవిలో అడుగు పెట్టి మొక్కలు పీకేసే తైలపు జ్వరం మాత్రం వద్దు. వేరు కాదు, ఆకు కోసుకుంటే చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

పేరు తెచ్చే చిక్కు కూడా చెప్పి ముగిస్తాను. తైలం అనగానే మన మనసు నువ్వుల వైపు పోతుంది. నువ్వుల నూనె చెంచాడు తాగితే ఏమీ కాదు గనుక ఇదీ అంతే అనిపిస్తుంది. కాదు. శుద్ధ నీలగిరి తైలం ఒక్క చెంచా కడుపులోకి పోతే పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. గంధపూర తైలం చెంచాడులో 20కి పైగా ఆస్పిరిన్ బిళ్లలంత సాలిసిలేటు ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర ఈ ఘాటు సరుకు రాయడమూ మంచిది కాదు, ఊపిరి బిగుసుకునే ప్రమాదముంది. పెద్దలైనా సీసా మీద రాసిన చుక్కల లెక్క దాటకూడదు. ఈ సీసాలను దగ్గుమందు పక్కన, చెంచా పక్కన పెట్టకండి. పిల్లలకు అందని అరలో పెట్టండి. ఎప్పుడైనా పిల్లవాడు మింగితే వాంతి చేయించవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి, సీసాను వెంట తీసుకుని ఆస్పత్రికి పోండి.